సంసారం నడుపుకుంటూ పారాగ్లైడింగ్ పోటీలకు వెళ్లడం ఎలా?

మొదటి పోటీకి వెళ్లేటప్పుడు ఇంట్లో నేను చెప్పింది బ్యాంకు ట్రైనింగ్ అని. మా ఆయనకు తెలుసు. అత్తమ్మకు, మామయ్యకు తెలియదు. రెండో రోజు గోల్ (రేసు ముగిసే చోటు) దాకా పోలేక మధ్యలో ఒక లోయలో దిగాను. అక్కడ సిగ్నల్ లేదు. గ్లైడర్ (ఎగిరే గుడ్డ రెక్క) మడిచి మూట వీపున వేసుకుని, రోడ్డు వెతుక్కుని, జీపు దొరికి, ఫోన్ మోగేసరికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటల్లో ఇక్కడ తిరుపతిలో మా ఆయన ముఖం చూసి అత్తమ్మ అడగాల్సినవన్నీ అడిగేసింది, ఆయన చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. ఇంటికి తిరిగొచ్చాక ఎవరూ తిట్టలేదు. కాఫీ గ్లాసు చేతికిస్తూ అత్తమ్మ ఒక్కటే అడిగింది: "ట్రైనింగ్‌లో ఏం నేర్పించినారమ్మా?"

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతులు ఇవి. గ్లైడర్ ఎలా లేపాలో, థర్మల్‌లో (పైకి లేచే వేడి గాలిలో) ఎలా తిరగాలో ఇక్కడ చెప్పను. అవి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోవాల్సినవి. మీకు క్రాస్ కంట్రీ, అంటే గాలిని నమ్ముకుని దూరాలు ఎగిరే అలవాటు వచ్చింది, పోటీకి పేరు ఇవ్వాలని ఉంది, ఇంట్లో పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు, ఉద్యోగం ఉంది, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడుతోంది అనుకుంటే చదవండి.

ముందు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి

మన వైపు చాలామందికి పారాగ్లైడింగ్ అంటే విమానంలోంచి దూకడమే. లేదా టూరిస్టులను ముందు కూర్చోబెట్టుకుని పది నిమిషాలు తిప్పి దించడం. పోటీ అంటే ఎవరు ఎక్కువ ఎత్తుకు పోతారో అనుకుంటారు. ఈ అపోహ పోనంతవరకూ మీరెంత చెప్పినా వాళ్ల కంటి ముందు మీరు గాల్లోంచి పడిపోతూనే ఉంటారు.

నేను భోజనాల బల్ల మీద చెప్పాను. ఉప్పు డబ్బా టేకాఫ్. నాలుగు చోట్ల గ్లాసులు బోర్లించి అవి టర్న్‌పాయింట్లు అన్నాను. ఒక్కో గ్లాసు చుట్టూ ఒక వలయం ఉన్నట్టు లెక్క, ఆ వలయాన్ని తాకి తర్వాతి గ్లాసు వైపు పోవాలి. చివర్న పళ్లెం గోల్. పొద్దున బ్రీఫింగ్‌లో గాలిని బట్టి ఆ రోజు దారి నిర్ణయిస్తారు. అందరూ గాల్లోకి లేచి వెయిట్ చేస్తుంటారు, స్టార్ట్ గేట్ తెరుచుకోగానే రేసు మొదలు. ఇంజిన్ ఉండదు. ఎండకు వేడెక్కిన నేల మీదనుంచి లేచే గాలిలో గుండ్రంగా తిరిగి ఎత్తు సంపాదించుకోవాలి, ఆ ఎత్తును ఖర్చుపెట్టి ముందుకు పోవాలి. మామయ్య వెంటనే పట్టుకున్నాడు. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలో యాభై ఏళ్లు గడిపిన మనిషి. "మధ్యాన్నం పూట గద్దలు రెక్క కొట్టకుండా పైకి పోతాయే, అదేనా?" అన్నాడు. అదే.

ఇక ప్రమాదం సంగతి. "బైకు కన్నా సేఫ్" అని ఇంట్లో చెప్పే పైలట్లు ఉన్నారు. నేను చెప్పను, మీరూ చెప్పకండి. పోటీల్లో కాళ్లు విరుగుతాయి, నడుములు విరుగుతాయి, ప్రాణాలూ పోతాయి. ఇంట్లోవాళ్లకు ఫోన్లున్నాయి, వాళ్లే వెతుక్కుంటారు. మా పాప వెతికింది. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర జర్మన్ జట్టు పైలట్ ఎవా విష్నియెర్స్కాను తుఫాను మబ్బు లోపలికి లాక్కుని 9,946 మీటర్ల దాకా తీసుకుపోయిన సంగతి చదివింది. అంటే ఎవరెస్టు కన్నా పైకి. ఆమె స్పృహ తప్పి, ఒళ్లంతా మంచు పట్టి కూడా బతికి దిగింది. అదే రోజు అక్కడే చైనా పైలట్ ఒకరు చనిపోయారు. "నువ్వు కూడా మబ్బులోకి పోతావా?" అని పాప అడిగింది. అలాంటి ప్రశ్నకు "పోను" అంటే చాలదు. మబ్బు ఎంత ఎదిగితే వెనక్కి తిరుగుతాను, పోటీలో వెనకబడినా ఎందుకు తిరుగుతాను, రేడియోలో ఏం చెబుతారు, ఇవన్నీ బొమ్మ గీసి చూపించాను. రిజర్వ్ పారాచూట్ ఎక్కడుంటుందో, పిడి ఎలా పట్టుకుని విసరాలో హార్నెస్‌లో (పైలట్ కూర్చునే పట్టీల సీటులో) కూర్చుని చూపించాను. పాప భయం పోయిందని చెప్పను గానీ, ఇప్పుడు దేనికి భయపడాలో దానికి తెలుసు.

గోడ మీది క్యాలెండర్‌తో మొదలుపెట్టండి

తిరుపతిలో ప్రతి ఇంట్లో గోడకు దేవస్థానం క్యాలెండర్ ఉంటుంది. జనవరి రాగానే దాని ముందు అందరూ నిలబడండి. ఎర్ర పెన్నుతో ముందు ఇంటి తేదీలు గుర్తుపెట్టండి. పోటీ తేదీలు ఆ తర్వాతే, నీలం పెన్నుతో. ఈ వరస తిరగబడితే ఏడాదంతా గొడవే.

నా ఎర్ర గుర్తులు చెబుతాను, మీకు దారి దొరుకుతుంది. మార్చిలో బ్యాంకు ఇయర్ ఎండింగ్, పిల్లల పరీక్షలు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరు దాటకూడదని మా అత్తమ్మ పట్టు, దాని మీద చర్చ లేదు. జూన్, జులైలో తోతాపురి కోత. సెప్టెంబర్, అక్టోబర్‌లో బ్రహ్మోత్సవాలు. తిరుపతిలో ఇల్లు ఉంటే బంధువులందరికీ లాడ్జి ఉన్నట్టే. గరుడ సేవ నాడు మా హాల్లో కనీసం ఎనిమిది మంది పడుకుంటారు.

ఇప్పుడు పోటీల వైపు చూడండి. మన దేశంలో క్రాస్ కంట్రీ పోటీలకు పెద్ద చోటు హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్. 2015లో, మళ్లీ 2024లో ప్రపంచ కప్ పోటీలు అక్కడే జరిగాయి. టేకాఫ్ సుమారు 2,400 మీటర్ల ఎత్తున బిల్లింగ్‌లో, ల్యాండింగ్ కింద బీర్‌లో. వసంతంలో ఒక సీజన్, వానలు వెళ్లాక అక్టోబర్, నవంబర్‌లో ఒక సీజన్. జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా హిమాచల్‌లో వానల కారణంగా ఎగరడం నిషేధం. రెండు క్యాలెండర్లు కలిపి చూస్తే నాకు మిగిలింది నవంబర్ ఒక్కటే, కొన్నేళ్లు ఏప్రిల్ కూడా. ఏడాదికి మహా అయితే రెండు పోటీలు. మూడోది ఎప్పుడూ పెట్టుకోలేదు. మొదట్లో ఏడుపొచ్చేది, అందరూ ఐదారు పోటీలు ఎగురుతుంటే నేను రెండా అని. కానీ ఏ రెండో ముందే తెలిసినప్పుడు వాటికి తయారయ్యే తీరే వేరు.

వారం పోటీ అంటే వారం కాదని కూడా ఇంట్లో చెప్పండి. తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ నిజాముద్దీన్, అక్కడినుంచి రాత్రి బస్సులో బీర్. ఆ రైలు వారంలో అన్ని రోజులూ ఉండదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, కాబట్టి ఆ రోజునూ క్యాలెండర్‌లో రాయండి. ఒకటి రెండు రోజులు ముందే చేరి అక్కడి గాలికి అలవాటుపడాలి. లెక్క వేస్తే పన్నెండు రోజులు. ఏడు రోజులని చెప్పి పన్నెండు రోజులకు వస్తే ఆ ఐదు రోజులూ మీ ఖాతాలో అప్పు కింద పడతాయి.

డబ్బు

చిన్నగా చెబుతాను. కొత్త గ్లైడర్ ఒక్కటే మూడు లక్షలు దాటుతుంది. హార్నెస్, రిజర్వ్, హెల్మెట్, వేరియో (పైకి పోతున్నామో కిందికి దిగుతున్నామో చెప్పే పరికరం), రేడియో దానికి అదనం. దీనికి వేరే అకౌంట్ తెరవండి. నెలనెలా అందులో పడేదే పోటీల డబ్బు, అది నిండకపోతే ఆ ఏడు పోటీ లేదు. బంగారం కుదువ పెట్టి గ్లైడర్ కొన్నవాళ్లను చూశాను. బ్యాంకులో కూర్చుని వాళ్ల నగలు తూకం వేయించింది నేనే కాబట్టి ఇంకేం చెప్పను.

సెకండ్ హ్యాండ్ గ్లైడర్ కొనొచ్చు, గుడ్డ ఎంత గాలి వదులుతోందో, తాళ్ల పొడవు సరిగ్గా ఉందో పరీక్ష చేయించాకే. రిజర్వ్ మాత్రం కొత్తదే కొనండి.

ఇన్సూరెన్స్ దగ్గర నేను దెబ్బ తిన్నాను. యాక్సిడెంట్ పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. కాలు విరిగాక క్లెయిమ్ పెడితే సాహస క్రీడలకు వర్తించదని వెనక్కి వచ్చింది. మినహాయింపుల పేజీలో రాసే ఉంది. రోజూ అవతలివాళ్ల చేత సంతకాలు పెట్టించే నేను నా పాలసీ చదవలేదు. మీరు ఈరోజే తీసి చదవండి. చాలా పాలసీల్లో ఆ వాక్యం ఉంటుంది. సాహస క్రీడలకు కవర్ ఇచ్చే పాలసీ విడిగా అడిగి తీసుకోవాలి. టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో మీ ఎగిరే అలవాటును దాచకండి. ప్రీమియం కొంచెం పెరిగితే పెరగనీయండి, దాచిన నిజం రేపు క్లెయిమ్ దగ్గర బయటపడితే క్లెయిమే తిరస్కరించొచ్చు. పాలసీ కాగితాలు, నామినీ వివరాలు, బ్లడ్ గ్రూపు అన్నీ ఒక ఫైల్లో పెట్టి అది బీరువాలో ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. అపశకునం అంటారు. అననీయండి.

కొండ పక్కనే ఉంటూ కొండ లేకుండా ప్రాక్టీసు

తిరుపతిలో పారాగ్లైడర్‌కు ఇంతకన్నా పరీక్ష లేదు. కిటికీ తీస్తే ఏడు కొండలు. కానీ అటు చూడటమే తప్ప ఎగరడం అనే మాటే వద్దు. శేషాచలం అంతా అభయారణ్యం, పైన తిరుమల, పక్కన రేణిగుంట విమానాశ్రయం. మరి పోటీలకు మధ్య ఆరు నెలలు చేతులు మొద్దుబారకుండా ఏం చేయాలి?

గ్రౌండ్ హ్యాండ్లింగ్. నేల మీద నిలబడి గ్లైడర్‌ను తల మీద గాల్లో నిలపడం. చంద్రగిరి వైపు వేరుశనగ పీకేసిన చేలు దొరుకుతాయి. చేను అయ్యను అడిగి దిగండి. ముందు చేనంతా ఒకసారి నడిచి పల్లేరు కాయలు, కంప ముళ్లు ఏరండి. ఒక్క ముల్లు చాలు గుడ్డ చిరగడానికి. పొద్దున ఎండ ముదరకముందు, లేదంటే సాయంత్రం ఎండ చల్లబడ్డాక. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మాత్రం గ్లైడర్ విప్పకండి. దుమ్ము సుడిగాలులు లేచేది అప్పుడే. గ్లైడర్‌కు తగులుకుని ఉన్న మనిషిని సుడిగాలి అమాంతం ఎత్తేస్తుంది. నేల మీదే కదా అన్న నిర్లక్ష్యంతో దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది.

జిల్లాలు మారాక మన తిరుపతి జిల్లాకు సముద్రం కూడా వచ్చింది. నెలకో ఆదివారం ఇంటిల్లిపాదీ తూపిలిపాళెం బీచ్‌కు వెళతాం. మధ్యాహ్నం నుంచి సముద్రం మీదనుంచి వచ్చే గాలి ఒకే తీరుగా, మెత్తగా ఉంటుంది. గ్రౌండ్ హ్యాండ్లింగ్‌కు అంతకన్నా మంచి గాలి ఉండదు. నీళ్లకు దూరంగా, ఇసుక మీద మాత్రమే చేయండి. శ్రీహరికోట ఎక్కువ దూరం కాదు, కాబట్టి పాదాలు నేల విడవకూడదు, ముందే స్థానిక పోలీసులకు ఒక మాట చెప్పి పెట్టుకోండి. పిల్లలకు సముద్రం, అత్తమ్మకు చేపలు, నాకు మూడు గంటల గాలి. కుటుంబానికీ ఎగరడానికీ వేరువేరు ఆదివారాలు వెతుక్కున్నంతకాలం రెండూ దొరకలేదు నాకు.

కాళ్ల బలానికి శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు. వారానికోసారి ఎక్కుతాను, మోకాళ్లు మిగలాలి కాబట్టి బస్సులో దిగుతాను. దర్శనం దొరికిందా అని అడిగేవాళ్లకు ప్రతిసారీ జవాబు చెప్పుకోవడం ఒక్కటే కష్టం.

ఇంకొకటి, ఖర్చు లేనిది. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు పైకి చూడండి. పది, పదకొండు గంటలకు గద్దలు ఎక్కడ తిరగడం మొదలుపెట్టాయి? ఏ పక్కకు కొట్టుకుపోతున్నాయి? మొదటి మబ్బు కొండ అంచు మీద ఎన్నింటికి పుట్టింది, ఎంతసేపు బతికింది? పాపకు ఇదొక ఆటైపోయింది. ఇప్పుడు నాకన్నా ముందే చెబుతుంది.

పోటీ వారంలో ఇంటితో మాట

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, కాబట్టి కాస్త వివరంగా.

ఇప్పుడు పోటీల్లో ప్రతి పైలట్ దగ్గరా లైవ్ ట్రాకర్ ఉంటుంది. లింకు ఇంటికి పంపితే తెర మీద మీ చుక్క కదులుతూ కనిపిస్తుంది. మంచిదే, కానీ చదవడం నేర్పించకుండా లింకు పంపకండి. మా ఆయన మొదటిసారి చూసినప్పుడు నా చుక్క ఒకేచోట ఇరవై నిమిషాలు గిరగిరా తిరిగింది. థర్మల్‌లో ఎత్తు ఎక్కుతున్నాను, హాయిగా ఉన్నాను. ఆయన మాత్రం తాళ్లు చిక్కుకుని తిరుగుతూ పడిపోతున్నానని వణికిపోయాడు. ఎత్తు అంకె పెరుగుతుంటే మంచి వార్త అని చెప్పండి. చుక్క ఆగిపోతే రెండు అర్థాలు, దిగి గ్లైడర్ మడుస్తూ ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. నేల ఎత్తులోనే ఉండి చుక్క రోడ్డు వెంబడి పోతుంటే జీపెక్కినట్టు. సిగ్నల్ లేని లోయలుంటాయి కాబట్టి "ఇన్ని గంటల దాకా కబురు లేకపోయినా కంగారు వద్దు, ఆ తర్వాత ఈ నంబరుకు చేయండి" అని గడువు పెట్టండి. మాది రాత్రి ఏడు. ఆ నంబరు నిర్వాహకులది, తోటి పైలట్‌ది కాదు. అతను కూడా ఎక్కడో చెట్టు కింద కూర్చుని జీపు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

దిగిన వెంటనే నిర్వాహకులకు రిపోర్ట్ చేయడం నిబంధన. దాంతోపాటే ఇంటికి ఒక్క మాట పంపండి, "దిగాను". స్కోరు, ఫోటో, కథ తర్వాత.

మరి ఇంటి కబురు మీకు ఎలా రావాలి? పోటీలో పైలట్లు రేడియోలో వాతావరణాన్ని లెవెల్ 1, 2, 3 అని చెబుతారు. 1 అంటే బాగుంది, 2 అంటే గాలి ముదురుతోంది జాగ్రత్త, 3 అంటే ఎగరడం ప్రమాదం, టాస్క్ (ఆ రోజు రేసు) ఆపాలి. మేం ఇంటి సంగతులకు ఇదే పెట్టుకున్నాం. పాప సైకిలు టైరు, కరెంటు బిల్లు, గ్యాసు లాంటివి లెవెల్ 1, నాకు చెప్పనే అక్కర్లేదు. జ్వరాలు, స్కూల్లో గొడవలు లెవెల్ 2, నేను దిగాక సాయంత్రం చెప్పాలి. ఆసుపత్రిలో చేర్చడం లెవెల్ 3, ఏ టైమైనా వెంటనే ఫోన్ చేయాలి, ఆ క్షణం నుంచి నాకు పోటీ ఉండదు. ఏది ఏ లెవెలో ఇంటి దగ్గర ఒక్క మనిషే నిర్ణయించాలి. మా ఇంట్లో మా ఆయన. అత్తమ్మకు ఈ పద్ధతి భలే నచ్చింది. ఇప్పుడు పాలు విరిగినా "లెవెల్ టూ" అంటోంది.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. కాలు విరిగాక పుట్టింది.

దెబ్బ తగిలినప్పుడు

ఆ ఏడు నవంబర్. పోటీ మూడో రోజు రాత్రి ఇంటినుంచి ఫోన్. మామయ్యకు ఊపిరి ఆడటం లేదని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండింటి దాకా ఫోన్లోనే ఉన్నాను. తెల్లారి కొంచెం నెమ్మదించిందని, నువ్వేం దిగులు పడకు, ఎగురు అని కబురు. ఎగిరాను. గాల్లో ఏమీ కాలేదు, రెండు టర్న్‌పాయింట్లు బాగానే కొట్టాను. ల్యాండింగ్ దగ్గర గాలి మళ్లింది. ఎప్పుడూ చూసుకునే గాలిసంచి వైపు ఆ రోజు ఒక్కసారి మాత్రమే చూశాను. కింద పదిహేను మీటర్ల ఎత్తున గాలి వెనకనుంచి వస్తోందని తెలిసి మలుపు తిప్పాను. అంత తక్కువ ఎత్తులో తిప్పకూడదు, వెనక గాలితోనైనా తిన్నగా దిగి పరిగెత్తాలి. ఆ సంగతి మొదటి కోర్సులోనే నేర్పుతారు. కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది.

కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతాను. చెడు కబురు విన్న మరుసటి రోజు ఎగరకండి, పరిస్థితి కుదుటపడిందని చెప్పినా సరే. నిద్ర లేని తల సగమే చూస్తుంది. ఇప్పుడు నేను హార్నెస్ బకిల్ పెట్టుకునే ముందు నన్ను నేను అడుగుతాను. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను? ఇంటికి చెప్పాల్సిన మాట, అడగాల్సిన క్షమాపణ ఏదైనా మిగిలుందా? ఈరోజు ఎవరికైనా చూపించడానికి ఎగురుతున్నానా? మూడో ప్రశ్నకు జవాబుగా ఎవరి పేరైనా తట్టిందంటే గ్లైడర్ మూట విప్పను. రెండుసార్లు అలా టేకాఫ్ దగ్గర కూర్చుండిపోయాను. తోటివాళ్లు ఏదో అనుకుని ఉంటారు, సాయంత్రానికి మర్చిపోయి ఉంటారు.

గాయం తర్వాత తిరిగి ఎగరడానికి తొందర ఉంటుంది. ఎముక అతుక్కోవడం వేరు, పరుగెత్తి టేకాఫ్ చేయగలగడం వేరు. డాక్టర్‌ను "ఎప్పుడు నడవొచ్చు" అని కాదు, "వీపు మీద ఇరవై కిలోలతో వాలులో పరుగెత్తొచ్చా, ఆ బరువుతో దిగొచ్చా" అని అడగండి. నేను చేసిన వరస ఇది: ఫిజియోథెరపీ పూర్తయ్యేదాకా గ్లైడర్ ముట్టలేదు. తర్వాత రెండు నెలలు గ్రౌండ్ హ్యాండ్లింగ్. తర్వాత పుణె దగ్గర కామ్‌షెట్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని సాయంత్రపు మెత్తని గాలిలో చిన్న ఎగరడాలు, లెక్కంతా ల్యాండింగ్ మీదే. ఆ తర్వాతే థర్మల్. ఈఎన్-సీ గ్లైడర్ అమ్మేసి, అంతకన్నా నెమ్మదైన, సురక్షితమైన తరగతి ఈఎన్-బీకి దిగాను. పైలట్లకు ఇది నామోషీ. ఒక మెట్టు కిందికి దిగితే జనం మాట్లాడతారు. కానీ భయపడుతూ వేగమైన గ్లైడర్ ఎగిరేవాడికన్నా, నమ్మకంగా నెమ్మదైన గ్లైడర్ ఎగిరేవాడే ఎక్కువసార్లు గోల్ చేరడం నేను చూశాను. వీలైతే నీళ్ల మీద చేయించే సేఫ్టీ కోర్సు కూడా చేయండి, గ్లైడర్ ముడుచుకుపోతే చేతులు ఏం చేయాలో అక్కడ వాటంతటవే నేర్చుకుంటాయి.

ఇంట్లో మీకు సేవ చేసినవాళ్ల సంగతి కూడా ఉంది. ఆరు వారాలు కట్టు వేసుకుని పడుకుంటే వంట, పిల్లలు, ఆసుపత్రి మామయ్య, అన్నీ అత్తమ్మ, మా ఆయన మోశారు. అప్పుడే "మళ్లీ ఎప్పుడు ఎగరాలి" అనే మాట ఎత్తకండి. నేను ఎత్తాను, కట్టు కూడా విప్పకముందే. మా ఆయన ప్లేటు అక్కడే పెట్టేసి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎగరాలా వద్దా అన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదు, మీ గాయాన్ని మోసినవాళ్లకు ఓటు ఉంటుంది. మా ఇంట్లో ఆ మాట మళ్లీ మొదలైంది నాలుగు నెలల తర్వాత, మొదలుపెట్టింది ఆయనే.

ఇంట్లో మనిషి పోయినప్పుడు

మామయ్య ఆ సంక్రాంతి దాటలేదు.

ఏటి సూతకం ఉన్న ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా కొండెక్కరు. తిరుమల ఎక్కకూడదు సరే. ఏప్రిల్ దగ్గరపడుతుంటే అత్తమ్మ అంది, "బిల్లింగ్ కూడా కొండే కదా." శాస్త్రంలో అలా లేదని వాదించడం పెద్ద పని కాదు. కానీ ఆ ఏడు నేను ఎగరలేదు. అత్తమ్మ కోసమని అనుకున్నాను. మే నెలలో ఒకరోజు చంద్రగిరి చేలో గ్లైడర్ తల మీద నిలిపి ఉంచి, జేబులో ఫోన్ మోగుతుందేమోనని ఎదురుచూస్తున్నానని గమనించాను. నేను ఎక్కడ ఎగిరినా సాయంత్రం మామయ్య ఫోన్ చేసి ముందు అడిగేది "గాలి ఏ పక్కనుంచి?" అని. అలాంటి తలతో బిల్లింగ్ నుంచి దూకి ఉంటే ఏమయ్యేదో.

మీ ఇంటి ఆచారం వేరు కావొచ్చు, అసలు ఆచారమే లేకపోవచ్చు. కానీ ఒక సీజన్ వదిలేయండి. పోటీకి కట్టిన ఫీజు పోతుంది, రైలు టికెట్టు పోతుంది, ర్యాంకు పోతుంది. ముందే నిర్వాహకులకు రాస్తే మీ స్థానం వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి దొరుకుతుంది. ఆ ఏడాది ఎగరని చేతులకు పని కావాలి. గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఆపకండి. నేను ఆ నవంబర్‌లో ఇంటినుంచే తోటి పైలట్ల లైవ్ ట్రాకింగ్ చూస్తూ, ఎవరు ఎక్కడ ఎత్తు పోగొట్టుకున్నారో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాతి ఏడాది అక్కడ ఆ నోట్‌బుక్ నాకు ఎంతో పనికొచ్చింది.

పోటీలో ఓడిన రోజు

దీనికి ఎక్కువ రాయను. పై రెండూ చూశాక ఇది చిన్నది. లేచిన పది నిమిషాలకే దిగిపోతాం, బాంబ్ అవుట్ అంటారు. పైన మిగతావాళ్లు చుక్కల్లా పోతుంటే పొలంలో కూర్చుని గ్లైడర్ మడవడం చాలా చేదు. పెద్ద పోటీల్లో ఎఫ్‌టీవీ అనే స్కోరు పద్ధతి ఉంటుంది. అన్ని టాస్క్‌ల మొత్తం లెక్కించకుండా, మీరు బాగా ఎగిరిన టాస్క్‌ల నుంచి ఒక నిర్ణీత వాటా దాకా మాత్రమే కలుపుతారు. ఒక చెడ్డ రోజు దాదాపుగా లెక్కలోంచి జారిపోతుంది. దాన్ని పూడ్చుకుందామని మర్నాడు పిచ్చి సాహసం చేయడమే అసలు నష్టం. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి స్కోరు చెప్పకండి, పాప లెక్కల పరీక్ష ఎలా రాసిందో అడగండి.

తిరిగొచ్చాక

మూడు రోజులు ఎగరడం మాట ఎత్తకండి. వాళ్లే అడుగుతారు. ఉతికే బట్టలు మీరే ఉతకండి. అత్తమ్మకు ఏదైనా తేవడం మర్చిపోకండి. బీర్‌లో టిబెట్ వాళ్ల దుకాణాల్లో ఉన్ని శాలువాలు దొరుకుతాయి. తిరుపతి ఎండకు అవి దేనికీ పనికిరావు. మా అత్తమ్మ దగ్గర నాలుగున్నాయి, ఎవరొచ్చినా తీసి చూపిస్తుంది.

తర్వాతి ఆదివారం గ్లైడర్ విప్పండి. ఎండ తగలని చోట, గాలి ఆడే గదిలో పరచండి. తేమతో మడిచి పెడితే గుడ్డ పాడవుతుంది, ఎండలో ఆరేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. లోపల చిక్కుకున్న మిడతలను, గడ్డిని ఏరేయండి. తాళ్లు ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూడండి. మా ఇంట్లో హాలు పొడవు సరిపోక ఒక రెక్క వంటింట్లోకి పోతుంది. ఆ రోజు వంట బయటే. రిజర్వ్‌ను తయారీదారు చెప్పిన గడువులో, సాధారణంగా ఆరు నెలలకో ఏడాదికో, తెలిసినవాళ్ల చేత విప్పించి మళ్లీ మడిపించాలి. ఆ తేదీ రాయడానికి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లినప్పుడు పక్కనే ఎర్ర పెన్ను, నీలం పెన్ను రెండూ ఉంచండి.